సోమరి తాటిచెట్టు

మా అవ్వ ఎస్తేరమ్మకు పని చెయ్యని ప్రాణి అంటే ఒళ్ళు మంట. మనిషైనా అంతే, ఎద్దయినా అంతే, చెట్టయినా అంతే. పొద్దెక్కేదాకా పడుకున్నవాళ్ళు కనిపిస్తే చీపురు తిరగేసేది. అలాంటి మనిషి దొడ్లో ఒక సోమరి చెట్టు ఏళ్ళ తరబడి నిక్షేపంగా నిలబడి ఉండడం విడ్డూరమే.

మా ఇల్లు వాకాడుకు తూర్పున, సముద్రానికి మైలు దూరంలో ఒక ఇసక దిబ్బ మీద ఉండేది. తాటిచెట్లు మా వైపు కొల్లలు. కానీ అవన్నీ దిబ్బ వెనక పల్లంలో గుంపులుగా ఉండేవి. దిబ్బ మీద మాత్రం రెండే రెండు. ఒకటి ఇంటి ముందు, సముద్రం వైపు, దడి పక్కన. రెండోది ఇంటి వెనక, దొరువు దగ్గర. దొరువంటే ఇసకలో తవ్వుకున్న నీళ్ళగుంట. మాకు బావి, చెరువు అన్నీ అదే.

ముందున్నది ఆడచెట్టు. ఎండాకాలం గెలలు గెలలుగా ముంజలు, తర్వాత పండ్లు, ఆ టెంకలు పాతిపెడితే చలికాలానికి తేగలు. అవ్వ దాన్ని తల్లిచెట్టు అనేది. వెనకది మగచెట్టు. కాయదు, పండదు. పూతకాడలు నాలుగు వేలాడేసుకుని ఊరికే నిలబడేది. అవ్వ దానికి సోమరి అని పేరు పెట్టింది. "ఇల్లరికపు అల్లుడి మాదిరి ఉండాడు చూడు, తినేది ఇక్కడ, చేసేది ఏమీ లేదు" అని దాని పక్కగా పోయినప్పుడల్లా ఒక మాట విసిరేది.

నాకు సోమరి అంటేనే ప్రాణం. తల్లిచెట్టుకు ఊరంతా చుట్టాలే. సోమరి దగ్గరికి నేనూ, గిజిగాళ్ళూ తప్ప ఎవరూ పోయేవాళ్ళు కాదు. గిజిగాళ్ళు దాని ఆకులకు గూళ్ళు అల్లుకునేవి. నేను దాని మొదలుకు వీపు ఆనించి కూర్చుని బళ్ళో జరిగినవన్నీ చెప్పుకునేదాన్ని. ఆ బళ్ళో సమాధానం పంతులంటే మా నాయనే కాబట్టి, ఆయన మీద చాడీలు చెప్పుకోవడానికి నాకు ఇంకో చోటు లేదు. గాలికి పైన ఆకులు గలగలమంటే, నా మాటలు విని నవ్వుతోందని అనుకునేదాన్ని.

ఏడాదికి ఒక్కరోజు మాత్రం సోమరికి పని పడేది. ఈస్టరుకు ముందు వచ్చే మట్టల ఆదివారం నాడు మా చర్చిగుళ్ళో పిల్లలు చేత పట్టుకునే లేతాకులన్నీ దాని తల మీద నుంచే కోసేవాళ్ళు. తల్లిచెట్టు ఆకు కోస్తే కాపు తగ్గుతుందని అవ్వ ఒప్పుకునేది కాదు.

యాభై ఎనిమిది చివర్లో, నాకు ఎనిమిదేళ్ళప్పుడు, టైఫాయిడు వచ్చింది. ఇరవై ఒక్క రోజులు మంచం దిగలేదు. మూడో వారంలో ఒక పొద్దున నాకు కాస్త స్పృహ వచ్చేసరికి అవ్వ మంచం పట్టె పట్టుకుని మోకాళ్ళ మీద ఉంది. కళ్ళు మూసుకుని, ఎదురుగా మనిషి ఉన్నట్టే మాట్లాడుతోంది.

"తండ్రీ, ఈ బిడ్డను నాకు ఉంచు. నీ గుడికి నడిదూలం నేనిస్తా."

అంతకు ముందు గాలివానకు గుడి పైకప్పు లేచిపోయింది. ఈసారి పెంకులు కప్పాలని సంఘంవాళ్ళు అనుకున్నారు. దూలానికి చేవగల మాను ఎక్కడ దొరుకుతుందా అని వెతుకుతున్నారు. అంటే అవ్వ మొక్కు మొక్కడంలో కూడా దేవుడి అవసరం కనిపెట్టే మొక్కిందన్నమాట.

నాకు జ్వరం దిగింది. మొక్కు తీర్చాలి. ఏ చెట్టు ఇవ్వాలి అనే ప్రశ్న మా ఇంట్లో పుట్టనే లేదు. కాసే చెట్టును ఎవరు కొడతారు? నేను మాత్రం రెండు రోజులు అన్నం మానేసి ఏడ్చాను.

"ఏడవబాక" అంది అవ్వ. "వాడి జన్మకు ఇన్నాళ్ళకు ఒక పని దొరికింది. సంతోషపడు."

మట్టల ఆదివారానికి ముందు శనివారం కొట్టించాలని నిర్ణయించారు. దూలం గుడికి, ఆకులు పిల్లలకు. ఒక దెబ్బకు రెండు పనులు. అవ్వకు అలాంటివంటే మహా ఇష్టం.

ఆ శనివారం పొద్దున్నే ఇద్దరు మనుషులు గొడ్డళ్ళతో వచ్చారు. గొడ్డలి దెబ్బ పడినప్పుడల్లా పైన ఆకులు అదిరేవి, గిజిగాళ్ళు అరుస్తూ లేచేవి. నేను చెవులు మూసుకుని తల్లిచెట్టు అవతలికి పోయి కూర్చున్నాను. పొద్దు బారెడెక్కేసరికి నేలంతా అదిరింది. గూళ్ళన్నీ ఇసకలో దొర్లాయి.

కాసేపటికి సముద్రం వైపు నుంచి ఒక మనిషి పరిగెత్తుకుంటూ వచ్చింది. కామాక్షమ్మ. ఆమె ఒడ్డున ఉన్న పాలెం మనిషి. మొగుడు ఓబయ్యా, మరిది గంగులయ్యా తెప్ప మీద వేటకు పోతారు. వాళ్ళు తెచ్చిన చేపలు గంపలో పెట్టుకుని రోజూ మధ్యాహ్నం మా ఇంటి ముందుకు వచ్చేది. తల్లిచెట్టు నీడలో, దడికి అవతలే కూర్చునేది. అవ్వా ఆమే పదేళ్ళుగా చేప చేపకూ పోట్లాడుకుంటూ స్నేహంగా ఉన్నారు. అయినా కామాక్షమ్మ మా దడి దాటి లోపలికి వచ్చింది లేదు, మా ముంతలో నీళ్ళు తాగింది లేదు. ఎందుకని నేను అడగలేదు. అలాంటివి అడక్కుండానే పిల్లలకు తెలిసిపోయే రోజులవి.

ఆ పూట ఆమె దడి తోసుకుని లోపలికి వచ్చేసింది. ఇల్లు చుట్టి వెనక్కి పోయి, పడి ఉన్న మానును చూసి నెత్తి కొట్టుకుంది.

"ఎంత పని చేసినారు ఎస్తేరమ్మా! మా వోళ్ళు సముద్రం మీదుండారే. ఎట్టా వస్తారు?"

అవ్వకు అర్థం కాలేదు. ఎవరికీ అర్థం కాలేదు. కామాక్షమ్మ ఏడుస్తూనే చెప్పింది. పాలెం దగ్గర కాలవ సముద్రంలో కలిసే చోట నీళ్ళ కింద ఇసక మేటలున్నాయి. వాటి మధ్య ఒక్కటే సందు, తెప్ప పట్టేంత. నీళ్ళ మీద నుంచి చూస్తే ఆ సందు కనపడదు. అందుకని తెప్పలవాళ్ళు దిబ్బ మీదికి చూస్తారు. రెండు తాటిచెట్లు పక్కపక్కన కనిపిస్తే ఇంకా జరగాలి. ముందు చెట్టు వెనక చెట్టును పూర్తిగా కప్పేసి రెండూ ఒకటిగా కనిపించిన చోట తెప్పను తిప్పి నేరుగా లోపలికి వచ్చెయ్యాలి. వాళ్ళ తాతల నాటి నుంచీ అదే దారి.

ఇన్నేళ్ళూ సోమరి ఊరికే నిలబడలేదన్నమాట. నిలబడడమే దాని పని.

అవ్వ చెప్పులు కూడా వేసుకోలేదు. నా చెయ్యి పట్టుకుని కామాక్షమ్మ వెనకే ఒడ్డుకు నడిచింది. ఇంటి దగ్గర మా నాయనావాళ్ళు, ముందు అనుకున్న ప్రకారమే, రెండు జతల ఎద్దులు కట్టి మానును గుడికి ఈడ్పించారు.

మిట్టమధ్యాహ్నానికి మొదటి తెప్ప కనిపించింది. ఓబయ్యదే. దక్షిణపు గాలికి అలలు లేస్తున్నాయి. తెప్ప మొదట దక్షిణానికి పోయింది. తర్వాత ఉత్తరానికి వచ్చింది. ఆగింది. మళ్ళీ దక్షిణానికి పోయింది.

"ఎతకతా ఉండాడు" అంది కామాక్షమ్మ. "రెండో చెట్టు కోసరం ఎతకతా ఉండాడు."

ఆడవాళ్ళందరూ కొంగులు తీసి ఊపారు, కేకలు పెట్టారు. అంత దూరానికి ఏం వినపడుతుంది? చివరికి ఓబయ్య అంచనా మీద తిప్పేశాడు. అంచనా పది బారలు తప్పింది. తెప్ప మేటకు తగిలి తలకిందులైంది. కట్లు తెగి దుంగలు విడిపోయాయి. ఇద్దరూ దుంగలు పట్టుకుని తీరం దాకా ఈదుకొచ్చారు. ఓబయ్య నడిచి వచ్చాడు, గంగులయ్యను మోసుకొచ్చారు. దుంగ తగిలి అతని కుడికాలు మోకాలి కింద విరిగింది. అది చూసి వెనక వస్తున్న తెప్పలు దూరం నుంచే మళ్ళి, పక్క ఊరి ఒడ్డుకు చేరాయి.

ఓబయ్య ఉప్పునీళ్ళకు ఎర్రబడ్డ కళ్ళతో అవ్వ ముందు నిలబడ్డాడు. "చెట్టేమైంది పెద్దమ్మా?" అన్నాడు. కోపంగా కూడా అనలేదు.

"నాకు ఎప్పుడూ ఒక మాట చెప్పలేదేందిరా?" అంది అవ్వ.

"ఏం చెప్పాల? పొద్దు యాడ పొడస్తాదో ఎవురన్నా చెప్తారా? మీకు తెలుసనుకున్నాం."

"ఎందుకు కొట్టిచ్చినారు?" అని కామాక్షమ్మ అడిగింది.

"బిడ్డ జొరానికి మొక్కుకున్నా" అంది అవ్వ నెమ్మదిగా.

అప్పుడు ఒడ్డు మీద ఉన్న వాళ్ళందరూ నా వైపు చూశారు. ఎవరూ తిట్టలేదు. కామాక్షమ్మయితే దగ్గరికి తీసుకుంది కూడా. కానీ ఆ చూపులు నేను మర్చిపోలేదు. ఎనిమిదేళ్ళ బుర్రకు అన్నీ తిన్నగా అర్థమవుతాయి. నేను బతికాను కాబట్టి సోమరి చచ్చిపోయింది. సోమరి చచ్చిపోయింది కాబట్టి గంగులయ్య కాలు విరిగింది. నేనే బతక్కపోయి ఉంటే ఇదంతా ఉండేది కాదు.

మర్నాడు మట్టల ఆదివారం. పైకప్పు లేని గుళ్ళో, ఎండలో కూర్చున్నాం. పిల్లలందరి చేతుల్లో సోమరి ఆకులు. నేను నా ఆకు ఊపలేదు, ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. గోడ పక్కన మాను పడుకుని ఉంది. మా పాస్టరు జకరయ్య అయ్యగారు వాక్యం చెప్పడం ముగించి ప్రార్థనకు కళ్ళు మూసుకోబోతుంటే అవ్వ లేచి నిలబడింది.

"అయ్యగారూ, నేనిచ్చిన మాను నాకు తిరిగియ్యాల."

మా నాయన తల దించుకున్నాడు. దేవుడికిచ్చింది వెనక్కి అడిగిన మనిషిని ఆ ఊళ్ళో అంతవరకూ ఎవరూ చూడలేదు. అందులోనూ అడిగింది ఎవరు? కానుక పళ్ళెంలో చెయ్యి ఊరికే ఆడించేవాళ్ళను పేరుపెట్టి పిలిచి పరువు తీసే ఎస్తేరమ్మ.

"ఎస్తేరమ్మగారూ, ఒకసారి మొక్కుబడి చెల్లించినాక..." అని అయ్యగారు నసిగారు.

"నేను మొక్కుకునింది దూలం. ఫలానా చెట్టని ఆయన అడగలా. ఎంచింది నేను. పనికిరాంది ఆయనకిచ్చి, పనికొచ్చేది నేను ఉంచుకుందామని ఎంచినా. అది తప్పని ఆయన నిన్ననే చెప్పినాడు. మా ఇంటి ముందు పంచ దూలం నా మామ ఏయించినాడు, గట్టి టేకు. రేపు పీకిచ్చి పంపిస్తా. ఆ మాను మాత్రం ఆ పాలెం వోళ్ళది."

మా నాయన తల ఎత్తాడు. "అమ్మా, పంచ పీకేస్తే వానలకు ఎట్టా?"

"తడుద్దాం" అంది అవ్వ, కూర్చుంది.

అయ్యగారు మాను తిరిగి పంపడానికి కూడా ప్రార్థన చేశారు. అలాంటి ప్రార్థన ఆయన మళ్ళీ ఎప్పుడైనా చేశారో లేదో నాకు తెలియదు.

మంగళవారం పాలెం అంతా మోకులు తీసుకుని మా దొడ్లోకి వచ్చింది. మా వాళ్ళూ కలిశారు. మాను నిలబెట్టాలంటే గుంత ఎక్కడ తవ్వాలన్నది తేలాలి. పాత మొద్దు పక్కనే తవ్వుదామని మా నాయన అన్నాడు. ఓబయ్య ఒప్పుకోలేదు. కాలవ సముద్రంలో కలిసే మొగ ఏటికేడు కాస్త కాస్త జరిగిపోయిందట, చెట్ల వరస కంటే రెండడుగులు పక్కగా రావడం వాళ్ళకు అలవాటైపోయిందట.

"చెట్టయితే జరపలేం. ఇప్పుడెట్టాగూ నాటతా ఉండాం, సరిగ్గా నాటుదాం" అన్నాడు.

అతను అరువు తెప్ప మీద సముద్రంలోకి పోయి, సరిగ్గా సందుకు ఎదురుగా నిలిపాడు. ఇక్కడ ఇద్దరు మనుషులు పొడుగాటి వెదురు నిలువుగా పట్టుకున్నారు. ఓబయ్య తువ్వాలు ఎడమకు ఊపితే వెదురు ఎడమకు, కుడికి ఊపితే కుడికి. కళ్ళు బాగా కనపడే దాన్నని నన్ను దిబ్బ కొమ్ము మీద నిలబెట్టారు. నేను తువ్వాలు చూసి అరవడం, వాళ్ళు జరగడం. తువ్వాలు నెత్తి మీద గుండ్రంగా తిరిగిన చోట గుంత తవ్వారు. నలభై మంది మోకులు లాగితే సోమరి మళ్ళీ లేచింది. తల లేదు కాబట్టి ఆ చివరన వెదురు కట్టి, దానికి ఒక మోపు తాటాకులు కట్టారు. ఆ పూట కామాక్షమ్మ మా దొరువు దగ్గరే కూర్చుని, మా ముంతతోనే నీళ్ళు తాగింది. అవ్వ చూసీ చూడనట్టు ఊరుకుంది.

అందరూ పోయాక నేను దొరువులోంచి తాటాకు చేదతో నీళ్ళు తెచ్చి మాను మొదట్లో పోశాను.

నవ్వకండి. మా దడిలో మునగ కొమ్మలు నరికి పాతితే నెల తిరక్కుండా చిగురించేవి. గంగరావి గుంజ పాతితే చెట్టయ్యేది. మరి సోమరి ఎందుకు కాదు? అది మళ్ళీ బతికితే నేను బతకడం వల్ల ఎవరికీ ఏమీ పోనట్టే. నాకు కావలసింది అదే. దానికోసం ఎన్ని చేదలైనా మోస్తాను.

మూడో రోజో నాలుగో రోజో అవ్వ చూసింది. చివాట్లు పెడుతుందనుకున్నాను. ఏమీ అనకుండా రెండో చేద తీసుకుంది. ఆ రోజు నుంచి పొద్దున నాలుగు చేదలు, సాయంత్రం నాలుగు చేదలు, ఇద్దరం. పక్కింటివాళ్ళు చూసి నవ్వితే, "నీ పని నువ్వు చూసుకోమ్మే" అని అవ్వ ఎగిరిపడేది. మా నాయన ఒకసారి ఏదో చెప్పబోయాడు. అవ్వ చూసిన చూపుకు బడికి టైమైందని వెళ్ళిపోయాడు.

మధ్యలో అవ్వతో పాలెం పోయి గంగులయ్యను చూసొచ్చేదాన్ని. కాలికి బద్దలు కట్టుకుని మంచం మీద వల అల్లుతుండేవాడు. "ఏం పాపా, నా కాలు ముందు లేస్తాదా, నీ చెట్టు ముందు చిగరేస్తాదా? పందెం ఏసుకుందామా?" అనేవాడు. నేను చెట్టే అనేదాన్ని.

ఆ మాను తర్వాత ఏడెనిమిదేళ్ళు నిలబడింది. తెప్పలన్నీ దాన్ని చూసుకునే వచ్చాయి. చివరికి చెద తినేసింది, తల్లిచెట్టు ఆ తర్వాతి గాలివానకు పోయింది. ఇప్పుడు ఆ దిబ్బ మీద ఏమీ లేదు. వాటి గురించి నాకు ఇప్పటికీ బెంగే. కానీ నేను చెప్పాలనుకున్నది మాను నాటిన ఏడాదే సెప్టెంబరులో జరిగిన సంగతి.

ఆ రోజు సాయంత్రం గంగులయ్య మా ఇంటికి వచ్చాడు. చేతికర్ర ఉంది, కాస్త కుంటుతున్నాడు, అయినా మైలు దూరం తన కాళ్ళ మీద నడిచి వచ్చాడు. "గెలిచినా పాపా" అని నవ్వాడు. అవ్వ ముసుగు సర్దుకుని, దేవుడికి స్తోత్రమని కళ్ళు తుడుచుకుంది. నాకూ సంతోషమే. అతను పోయాక అవ్వా నేనూ చేదలు తీసుకుని వెనక్కి పోయాం. నీళ్ళు పోస్తూ మాను పైకి చూశాను. ఆకుల మోపు ఎండి చిరిగి ఉంది. పక్కన చిన్న పచ్చటి మొన కూడా లేదు. ఆరు నెలలు రోజూ చూసినదే, కానీ ఆ రోజే కనిపించింది.

"అవ్వా, ఇది చిగరెయ్యదు గదా?"

అవ్వ చేతిలో చేద కింద పెట్టింది. "ఎయ్యదు."

"నీకెప్పుడు తెలిసింది?"

"నాటిన రోజే తెలుసు. తల కొట్టేసిన తాటిచెట్టు యాడన్నా బతుకుతాదా?"

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "మరి నువ్వెందుకు పోసినావు? నాకెందుకు చెప్పలా?"

అవ్వ ఇసకలో చతికిలబడి నన్ను దగ్గరికి లాక్కుంది. అరిచే మనిషి మెల్లగా మాట్లాడితే భయమేస్తుంది. నాకు భయమేసింది.

"మొక్కుకునింది నేను. కొట్టిచ్చింది నేను. నువ్వేమో అదంతా నీ నెత్తిన ఏసుకుని, ఇంత లేవు, రోజూ నీళ్ళు మోస్తా ఉంటివి. చెప్తే మానే దానివా నువ్వు? మానవు. అందుకని, పోనీ బరువన్నా సగం చేద్దామని నేనూ మోసినా." నా చేతిలో చేద తీసుకుని, "ఇంక చాల్లేమ్మా" అంది.

తర్వాత చేదలో మిగిలిన నీళ్ళు నా పాదాల మీద పోసి, వంగి, వేళ్ళ సందుల్లోని ఇసకంతా కడిగింది.